మండువా ఇంటికి వైర్‌లెస్ అలారం: నా అనుభవం

మా పుట్టిల్లు అమలాపురం దగ్గర ఒక పల్లెలో. తాతగారు కట్టించిన మండువా లోగిలి. వీధి వైపు అరుగు, లోపల నాలుగు పక్కలా వసారా, మధ్యలో ఆకాశం కనపడే మండువా, వెనక వంటిల్లు, అది దాటితే దొడ్డి, ఆ పైన కొబ్బరితోట. గోడలు అడుగున్నర మందం, గానుగ సున్నంతో కట్టినవి. పైన టేకు వాసాల మీద బంగాళా పెంకులు. ఇంత ఇంట్లో ఇప్పుడు ఉండేది అమ్మా నాన్నా ఇద్దరే. నాన్నకి 78, అమ్మకి 72. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు డల్లాస్‌లో.

మా వీధిలోనే ఒకళ్లు పెళ్లికి వెళ్లిన రాత్రి, దొంగలు వెనక వైపు పెంకులు తీసి లోపలికి దిగి బీరువా ఊడ్చుకుపోయారు. వీధి తలుపుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. అప్పటి నుంచి అమ్మకి రాత్రిళ్లు నిద్ర లేదు, ఇక్కడ నాకు టెన్షన్. నాన్న మాత్రం "ఓ కుక్కని పెంచితే పోలా" అని తేల్చేశారు. కుక్కకి అన్నం పెట్టేది ఎవరని అమ్మ అడిగింది. ఆ మాట అక్కడితో ఆగింది.

తమ్ముడు కెమెరాలు పెట్టిద్దామన్నాడు. అక్కడి నుంచి ఫోన్లో ఇల్లు చూసుకోవచ్చని వాడి సరదా. కెమెరా దొంగ మొహం చూపిస్తుంది, అదీ వాడు మంకీ క్యాప్ పెట్టుకోకపోతే. మాకు కావలసింది వాడు తలుపు తెరిచీ తెరవగానే వీధంతా లేచేలా మోగేది. వీధి గుమ్మం మీదకి ఒక కెమెరా పెట్టించాం గానీ డబ్బు ముందు అలారానికే తీశాం.

ఈ లోపు ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) సంగతి ఒకరు గుర్తుచేశారు. ఇల్లు తాళం వేసి ఊరెళ్లేవాళ్లు ఆ యాప్‌లో రిజిస్టర్ చేసుకుని, వెళ్లే ముందు రిక్వెస్ట్ పెడితే, పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా బిగిస్తారు. లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కి తెలుస్తుంది. పైసా తీసుకోరు. అమ్మావాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుందని రిజిస్టర్ చేయించాను. అయితే సంవత్సరంలో ఎక్కువ రోజులు ఆ ఇంటికి తాళం పడదు. ఇద్దరు పెద్దవాళ్లు లోపల పడుకుని ఉండగా ఎవరైనా వస్తే ఏమిటన్నదే మా భయం.

వైర్ల సిస్టం చవక, బ్యాటరీల గొడవ ఉండదు. ఊళ్లో ఎలక్ట్రీషియన్ గోడ మీద వేలితో కొట్టి చూసి, "డ్రిల్లు పెడితే పెచ్చులూడిపోతాయండి, ఆయ్" అన్నాడు. ఆ గోడల్లో కొన్నిటి మీద ఇప్పటికీ చెక్క బద్దెల మీద వేసిన పాత వైరింగే ఉంది. దాని పక్కన మళ్లీ ప్లాస్టిక్ గొట్టాలు పాకిస్తే నాన్న ఒప్పుకునేలా లేరు. అలా వైర్‌లెస్ అని తేలింది.

ఆన్‌లైన్లో ఆరేడు వేలకే కిట్లు దొరుకుతాయి. కొనేసే ముందు రెండు విషయాలు చూడాలి. ఒకటి, చవక సెన్సర్లు చాలామటుకు ఒకవైపే మాట్లాడతాయి. తలుపు తెరిస్తే సిగ్నల్ పంపుతాయి, అంతే. అది అందిందో లేదో వాటికి తెలియదు, సెన్సర్ బ్యాటరీ అయిపోయి చచ్చిపోయినా పానెల్‌కి, అంటే సెన్సర్ల సిగ్నల్ అందుకుని అలారం మోగించే పెట్టెకి, తెలియదు. ఖరీదైనవి రెండువైపులా మాట్లాడుకుంటాయి. పానెల్ కొద్ది నిమిషాలకోసారి ప్రతి సెన్సర్‌నీ పలకరిస్తుంది, జవాబు రాకపోతే మన ఫోన్‌కి చెబుతుంది. ఎవడైనా జామర్ పెట్టి సిగ్నల్ ఆపినా పసిగడుతుంది. రెండోది, వైఫై మీద నడిచే సెన్సర్లు. అపార్ట్‌మెంట్లో భేషుగ్గా పనిచేస్తాయి. అడుగున్నర గోడ దాటేసరికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై నీరసపడిపోతుంది. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేసేవి ఇలాంటి గోడల్ని మెరుగ్గా దాటతాయి.

కాకినాడ, రాజమండ్రి డీలర్లతో మాట్లాడాను. ఇల్లు ఎన్ని చదరపు అడుగులో అడిగి, ఫోటోలు పంపమని, సాయంత్రానికి వాట్సాప్‌లో కొటేషన్ పడేసేవాళ్లే ఎక్కువ. ఒకాయన తన కొటేషన్లో మండువాకి రెండు మోషన్ సెన్సర్లు వేశాడు. ఫోటో సరిగ్గా చూడలేదో, బిల్లు పెంచుదామనో.

మోషన్ సెన్సర్ అంటే పీఐఆర్. మనిషి ఒంటి నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ వేడి కదలికని పట్టుకుంటుంది. చుట్టూ ఉన్నదానికీ ఒంటికీ తేడా ఉంటేనే దానికి మనిషి కనపడేది. మే నెలలో పెంకుటింటి గది 37 డిగ్రీలున్నప్పుడు మన ఒళ్లూ అంతే వేడి కాబట్టి, నాసిరకం సెన్సర్‌కి ఎదురుగా మనిషి నడిచినా తెలియకపోవచ్చు. టెంపరేచర్ కాంపెన్సేషన్, అంటే గది వేడిని బట్టి సెన్సర్ తనంతట తాను సర్దుకునే ఏర్పాటు, ఉందా అని అడిగితే కొందరు డీలర్లు నీళ్లు నమిలారు. ఇక మండువాలో ఎండ నేరుగా పడి నాపరాళ్లు కాలతాయి, మబ్బు పట్టగానే చల్లబడతాయి, పావురాలు దిగుతాయి, పిల్లులు దూకుతాయి. పెట్ ఇమ్యూన్ అని రాసినవి నేల మీద తిరిగే పిల్లిని వదిలేస్తాయి గానీ, దూలం మీద సరిగ్గా సెన్సర్ ఎత్తున నడిచే పిల్లిని వదలవు. ఆ ఇంట్లో పిల్లులు నేల మీద కన్నా దూలాల మీదే ఎక్కువ ఉంటాయి. బల్లుల సంగతి చెప్పక్కర్లేదు. లెన్సు మీద పాకే బల్లి చాలు, అర్ధరాత్రి సైరన్ మోగడానికి.

చివరికి కుదిరినతను రాజమండ్రి నుంచి వచ్చిన కుర్రాడు. పానెల్, ఒక డోర్ సెన్సర్ వెంట తెచ్చుకుని, పానెల్‌ని వీధి గదిలో పెట్టి, సెన్సర్ పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగాడు. వంటింటి వెనక తలుపు దగ్గర సిగ్నల్ సున్నా. మధ్యలో రెండు గోడలు, వాటికి తోడు తాతగారి ఇనప్పెట్టె. పానెల్‌ని తీసి నడవలో పాత దీపం గూట్లో పెట్టి మళ్లీ తిరిగితే అన్ని గుమ్మాలకీ అందింది. అసలు పని ఈ నడకే. ఈ పరీక్ష చేయకుండా ఎవరు ధర చెప్పినా నేను నమ్మను.

మండువాని అతను అలారం లెక్కలోంచే తీసేశాడు. "ముందు పైన గ్రిల్ చూపించండమ్మగారూ" అన్నాడు అమ్మతో. మండువా పైన ఇనప చువ్వల గ్రిల్ ఎప్పటి నుంచో ఉంది. ఒక మూల తుప్పు పట్టి చువ్వ చేతికి వచ్చేలా ఉంది. సెన్సర్లు రాకముందే వెల్డర్ వచ్చాడు. పెంకులు తీసి దిగే దారి ఎక్కడెక్కడుందో కూడా చూశాం. పడకగదులకి పైన చెక్క అటక ఉంది, అక్కడి నుంచి కిందకి దిగలేరు. వంటింటికీ వీధి గదికీ అటక లేదు. ఆ రెండు గదుల్లోనే మోషన్ సెన్సర్లు. అవి కూడా మూల గోడకి, గదికి అడ్డంగా నడిచే మనిషి కనపడేలా పెట్టాడు. పీఐఆర్ తన వైపు వచ్చేవాడిని కన్నా అడ్డంగా పోయేవాడిని త్వరగా పట్టుకుంటుందట. వెనక స్క్రూ కన్నాలు కూడా సిలికాన్‌తో మూశాడు, చీమలు దూరకుండా.

తలుపుల దగ్గర చాలాసేపు పట్టింది. తలుపు సెన్సర్ రెండు ముక్కలు, ఒకటి సెన్సర్, ఒకటి అయస్కాంతం. రెండూ దూరమైతే మోగుతుంది. మావన్నీ రెండు రెక్కల తలుపులు. సెన్సర్ ఒక రెక్కకి, అయస్కాంతం రెండో రెక్కకి పెడితే చూడ్డానికి బాగుంటుంది. గడియ విరిగి రెండు రెక్కలూ కలిసి లోపలికి వస్తే మాత్రం మొదట్లో వాటి మధ్య దూరం పెద్దగా మారదు, అలారం వెంటనే మోగదు. అందుకని సెన్సర్ ద్వారబంధానికి, అయస్కాంతం ముందుగా తెరుచుకునే రెక్కకి. నూనె పట్టిన టేకు మీద డబుల్ టేప్ నిలవలేదు, స్క్రూలే వేయాలి. ఇక్కడ నాన్న అడ్డుపడ్డారు. వందేళ్ల ద్వారబంధానికి స్క్రూలేమిటని. అమ్మ బాధ వేరే, "మరి ఉగాదికి తోరణం ఎక్కడ కట్టాలమ్మా?" అని. తోరణం మేకులు ఉన్న చోటే ఉంచి, సెన్సర్‌ని లోపలి వైపు పై మూలకి జరిపాం. నాన్న ఎక్కడ స్క్రూ వేయాలో పెన్సిల్‌తో ఆయనే గుర్తు పెట్టి ఇచ్చారు.

వానాకాలంలో ఈ తలుపులు ఉబ్బి పూర్తిగా పడవు. సందు రెండు సెంటీమీటర్లు దాటితే పానెల్ "తలుపు తెరిచి ఉంది" అంటుంది, ఆన్ కాదు. వెనక తలుపుకి వడ్రంగి చేత చిత్రిక పట్టించాక గానీ అది దారికి రాలేదు.

ఇంతా చేసి, దీన్ని రోజూ వాడాల్సింది అమ్మానాన్నలు. కీప్యాడ్ మీద నాలుగంకెల కోడ్ అనగానే అమ్మ "నా వల్ల కాదు" అంది. రిమోట్ తీసుకున్నాం. అందులో తాళం బొమ్మ ఊరెళ్లేటప్పుడు, ఇంటి బొమ్మ రాత్రి పడుకునేటప్పుడు. ఇంటి బొమ్మ నొక్కితే తలుపులు, వంటింటి సెన్సర్, వీధి గది సెన్సర్ మాత్రమే కాపలాలో ఉంటాయి, వసారాలో తిరగొచ్చు. బయటికెళ్లేటప్పుడు నొక్కాక తలుపేసుకోడానికి ముప్పై సెకన్లు ఇస్తుంది. నాన్నకి అది ఏ మూలకి? గొళ్లెం పెట్టి, తాళంకప్ప వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి ఇంకోసారి లాగి చూస్తారు. దాన్ని తొంభై సెకన్లకి పెంచాం.

రాత్రి సంగతి దీనికన్నా చిక్కు. బాత్రూం దొడ్లో ఉంది, నాన్న రాత్రి లేస్తారు. అలారం ఆపకుండా వెనక తలుపు తీస్తే వీధి మొత్తం లేస్తుంది. తీసినప్పుడల్లా రిమోట్ వెతుక్కోమంటే ఆయన అలారం పెట్టడమే మానేస్తారు. ఉపాయం అమ్మదే. పాముల భయంతో నాన్న టార్చిలైటు లేకుండా దొడ్లోకి అడుగు పెట్టరు. ఆ టార్చి తాడుకే రిమోట్ కట్టేసింది. వెనక తలుపుకీ, ఆ దారిలో ఉన్న వంటింటి సెన్సర్‌కీ మాత్రం వెంటనే మోగకుండా ముందు కీచుమని హెచ్చరించేలా పెట్టించాం, మర్చిపోయి తెరిచినా నొక్కడానికి టైమ్ ఉంటుంది. తిరిగొచ్చి మళ్లీ ఆన్ చేయకపోతే పొద్దున యాప్‌లో నాకు తెలిసిపోతుంది. ఫోన్ చేసి అడగను, అడిగితే ఆయనకి చిరాకు. అమ్మ నాలుగున్నరకి కాఫీకి లేస్తుంది కాబట్టి ఆ టైమ్‌కి దానంతటదే ఆఫ్ అయ్యేలా షెడ్యూల్ పెట్టాం.

సిమ్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు, మీరే అడగాలి. ఇంటర్నెట్ పోయినా పానెల్ ఫోన్ చేయాలంటే లోపల సిమ్ ఉండాలి. మార్కెట్లో ఇంకా 2జీ పానెళ్లు అమ్ముతున్నారు. జియోకి 2జీ లేదు, మా ఊళ్లో బాగా అందేది జియోనే. అందుకే వోల్టే (4జీ మీదే కాల్స్ నడిచే పద్ధతి) ఉన్న 4జీ పానెల్ పట్టుబట్టి తెప్పించాను. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే ప్లాన్లు ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక అలాంటివి వచ్చాయి, ఆ సిమ్‌కి అదే వేశాను. గడువు తేదీ నా ఫోన్లో రిమైండర్‌గా ఉంది. రీచార్జ్ అయిపోయిన సిమ్ ఉన్న అలారం దొంగకి మేలు.

అలారం మోగితే పోలీసులు వాళ్లంతట వాళ్లు రారు. ఎవరో ఒకరు 112కి చేయాలి. పానెల్ మొదటి కాల్ పక్కింటి మావయ్యగారికి, రెండోది నాకు. తమ్ముడికి యాప్‌లో మోగుతుంది. వేసవిలో ఇక్కడ రాత్రి రెండయితే డల్లాస్‌లో మధ్యాహ్నం మూడున్నర. మేమందరం గాఢనిద్రలో ఉండే వేళ మెలకువగా ఉండేది వాడొక్కడే, అందుకని నేను ఫోన్ ఎత్తకపోతే మావయ్యగారికి ఫోన్ చేసి, ఆయన చేత 112కి చేయించే బాధ్యత వాడిది. సైరన్ పరీక్షించిన రోజు "ఎవరికి బాగాలేదు, 108 వచ్చిందా?" అంటూ సగం వీధి అరుగు ముందుకి వచ్చింది. ఒకందుకు మంచిదే, ఆ మోత ఏమిటో ఇప్పుడు అందరికీ తెలుసు.

అమ్మకి బాగా నచ్చింది ఎమర్జెన్సీ బటన్. ఒంట్లో బాగాలేకపోయినా నొక్కితే అందరికీ కాల్ వెళ్తుంది. దాన్ని మంచం పక్కన గోడకి పెట్టాం. మనవలు వచ్చినప్పుడు తీసి బీరువాలో పెట్టేస్తుంది.

బిగింపుతో కలిపి 38 వేలు అయింది, వెల్డర్, వడ్రంగి కాకుండా. కరెంటు పోతే పానెల్ సొంత బ్యాటరీ మీద నడుస్తుంది. రౌటర్ ఇన్వర్టర్ మీదకి మార్చాం. సెన్సర్లలో వేసేది సీఆర్123ఏ సెల్. అది మా ఊరి కొట్లలో దొరకదు, ఒక పెట్టె తెప్పించి ఫ్రిజ్ మీద పెట్టాను, తారీకు రాసి.

ఇక మిగిలింది తోట మొదట్లో కొబ్బరికాయలు దాచే కొట్టు. దింపు అయ్యాక రాశి పోసినప్పుడు అక్కడా సెన్సర్ కావాలంటారు నాన్న. పానెల్ సిగ్నల్ దొడ్డి గోడ దాకానే వస్తోంది, మధ్యలో సిగ్నల్‌ని ముందుకి అందించే రిపీటర్ పెట్టాలి. దానికి ప్లగ్ పాయింటు కావాలి, కొట్టుకి కరెంటు లేదు. వానలు తగ్గాక లైను లాగించి, ఆ కుర్రాడినే మళ్లీ పిలవాలి.