మన పాస్టర్ గారిని ఎవరు పలకరిస్తున్నారు?

పాస్టర్ గారి ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి దీని గురించి రాయాలని చాలా రోజుల నుంచి మనసులో ఉంది. సేవకుల గురించి, అంటే పాస్టర్ల గురించి, మనకి ఎక్కువగా రెండే రకాల మాటలు వినిపిస్తాయి, ఒకటి పొగడ్త, రెండోది ఫలానా ఆయన పాపంలో పడిపోయారట అనే వార్త. ఈ రెండింటికీ మధ్యలో ఏళ్ళ తరబడి ఆ మనిషి లోపల ఏం జరిగిందో అడిగేవాళ్ళు మాత్రం కనపడరు.

ఒక మామూలు రోజు చెప్తాను. పొద్దున్నే భూస్థాపన ఆరాధన ఉంటుంది, చిన్న వయసులో చనిపోయిన మనిషి, ఆ తల్లి పాస్టర్ గారి చెయ్యి పట్టుకుని వదలదు, ఆయన అక్కడ నిలబడి పునరుత్థానం గురించి వాక్యం చెప్పాలి. ఇంటికొచ్చి స్నానం చేసి బట్టలు మార్చుకుంటే సాయంత్రం పెళ్ళి, అక్కడ నవ్వుతూ వధూవరుల్ని దీవించాలి, ఫోటోలు దిగాలి, ఆ మధ్యలోనే ఎవరో ఫోన్ చేసి మా ఆయన మళ్ళీ తాగొచ్చాడు అయ్యగారూ అని ఏడుస్తారు. రాత్రి మంచం మీద పడుకునేసరికి పొద్దున్న ఆ తల్లి ఏడుపు ఇంకా ఆయన చెవుల్లోనే ఉంటుంది, దాన్ని ఎక్కడ దించుకోవాలో ఆయనకి తెలియదు. మనందరం మన బరువు ఆయన మీద పెట్టి ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతాం, అది తప్పని నేను అనను, కాపరి అంటే అదే కదా, కానీ ఆయన బరువు పెట్టుకోడానికి ఒక చోటు ఉండాలి కదా అన్నదే నా బాధ.

మా నాన్నగారి దగ్గర రెండు బైబిళ్ళు ఉండేవి. ఒకటి ప్రసంగాల బైబిలు, దాని నిండా గీతలు, అంచుల్లో నోట్స్, మధ్యలో కాగితం ముక్కలు. రెండోది చిన్నది, దాంట్లో ఒక్క గీత కూడా ఉండేది కాదు, పొద్దున్నే అది చదివేటప్పుడు పెన్ను దగ్గర పెట్టుకునేవారు కాదు. ఎందుకు నాన్నా అని అడిగితే, పెన్ను చేతిలో ఉంటే ఈ మాట ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తానమ్మా, ఇది నాకోసం అన్నారు. నాకు అప్పుడు అర్థం కాలేదు గానీ ఇప్పుడు తలుచుకుంటే సేవలో ఉన్నవాళ్ళకి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అదేనేమో అనిపిస్తుంది, రోజూ వాక్యంతోనే పని కాబట్టి వాక్యం తనతో మాట్లాడటం ఎప్పుడు ఆగిపోయిందో తెలియకుండానే రోజులు గడిచిపోతాయి. ప్రసంగం బాగానే వస్తుంది, జనం ఆమెన్ అంటూనే ఉంటారు, లోపల మాత్రం ఎండిపోతూ ఉంటుంది. అపొస్తలుడైన పౌలు యువ సేవకుడు తిమోతికి రాసేటప్పుడు ముందు నిన్ను గూర్చి, ఆ తర్వాత నీ బోధను గూర్చి జాగ్రత్త కలిగి ఉండు అన్నాడు (1 తిమోతి 4:16), ఆ వరుస మనం గమనించాలి.

ఏలీయా ప్రవక్త గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం, కర్మెలు పర్వతం మీద బయలు అనే అన్యదేవత ప్రవక్తలు 450 మందికి ఎదురుగా నిలబడి అగ్ని దిగి రావాలని ప్రార్థించినవాడు. తర్వాత అధ్యాయంలోనే యెజెబెలు రాణి చంపుతానని బెదిరిస్తే పారిపోయి, తన దాసుణ్ణి బెయేర్షెబాలో వదిలేసి, ఒక్కడే అరణ్యంలోకి ఒక రోజు ప్రయాణం వెళ్ళి, చెట్టు కింద కూర్చుని ప్రభువా నా ప్రాణం తీసుకో అన్నాడు. తోడున్న ఒక్క మనిషిని కూడా వదిలేసి వెళ్ళాడు చూడండి, అలిసిపోయిన సేవకులు చాలామంది మొదట చేసేది అదే, స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేస్తారు, అంతా బాగానే ఉంది బ్రదర్ అని ఒక్క మాటతో ముగిస్తారు. అప్పుడు దేవుడేం చేశాడు? విశ్వాసం ఏమైపోయిందని గద్దించలేదు, ఉపవాసం ఉండమనలేదు. నిద్రపోనిచ్చాడు, దూతని పంపి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, రెండోసారి కూడా లేపి, ఈ ప్రయాణం నీ శక్తికి మించింది, తిను అన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే. అప్పుడు కూడా నువ్వు ఒక్కడివే కాదు, బయలుకి మోకరించని 7000 మంది ఉన్నారని చెప్పి, ఎలీషాని తోడు ఇచ్చాడు. మనమేమో పాస్టర్ గారు నీరసంగా కనిపిస్తే ఇంకా ఎక్కువ ప్రార్థన చేయండి అయ్యగారూ అంటాం. ఆయనకి ఆ వారం కావాల్సింది నిద్ర కావచ్చు!

దిగులు అనేది విశ్వాసం లేనివాళ్ళకే వస్తుందని ఇంకా చాలామంది నమ్ముతున్నారు, అది అబద్ధం. చార్లెస్ స్పర్జన్ అంత గొప్ప ప్రసంగీకుడి సంగతే తీసుకోండి. 1856 అక్టోబర్ 19న లండన్‌లో సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాల్‌లో ఆయన మాట్లాడుతుండగా ఎవరో అగ్ని అని అరిస్తే తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. ఆయనకి అప్పుడు 22 ఏళ్ళు, ఇంట్లో నెల రోజుల కవల పిల్లలు. ఆ దెబ్బ ఆయన్ని జీవితాంతం వదల్లేదు, దిగులు మళ్ళీ మళ్ళీ వచ్చేది, అయినా ఆయన దాన్ని దాచుకోలేదు, సేవకి సిద్ధపడుతున్న విద్యార్థులకి క్లాసులోనే విడమరచి చెప్పాడు. తర్వాతి సంవత్సరాల్లో చలికాలం వస్తే ఆరోగ్యం కోసం ఫ్రాన్స్‌లోని మెంటన్‌కి వెళ్ళి విశ్రాంతి తీసుకునేవాడు. పౌలు వెంట కూడా లూకా అనే వైద్యుడు ఉన్నాడు కదా. నెలల తరబడి నిద్ర పట్టకపోతేనో, బతకాలని లేదు అనే ఆలోచన వస్తుంటేనో డాక్టర్ దగ్గరికి, కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళడం అవిశ్వాసం కానే కాదు, దయచేసి ఆలస్యం చేయకండి.

యేసు ప్రభువు కూడా గెత్సేమనే తోటలో తన శిష్యులైన పేతురుని, జెబెదయి కుమారులిద్దరినీ దగ్గరికి తీసుకుని నా ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉంది, నాతో కూడా మెలకువగా ఉండండి అన్నాడు. పౌలు మాసిదోనియలో బయట పోరాటాలు లోపల భయాలు అని రాసుకున్నాడు, అప్పుడు దేవుడు తనని ఎలా ఆదరించాడో కూడా చెప్పాడు, తీతు రావడం వల్ల (2 కొరింథీ 7). దర్శనం కాదు, దూత కాదు, ఒక స్నేహితుడు వచ్చాడు. ప్రతి పాస్టర్ గారికీ ఒక తీతు ఉండాలి, సొంత సంఘంలోవాడు కాకపోతే ఇంకా మంచిది, ఆయన ముందు దైవజనుడిలా కూర్చోనక్కర్లేదు, నాకు కోపంగా ఉంది, నాకు ప్రార్థన రావడం లేదు, ఫలానా పాపంతో పోరాడుతున్నాను అని ఉన్నదున్నట్టు చెప్పుకోగలిగే మనిషి.

ఇక్కడే ఇంకో మాట, కొంతమందికి నచ్చకపోవచ్చు. అభిషిక్తుణ్ణి, అంటే దేవుడు ఏర్పరచుకున్న నాయకుణ్ణి, ప్రశ్నించకూడదు అని మన సంఘాల్లో బాగా నాటుకుపోయింది. కానీ ఆ మాట చెప్పడానికి వాడే దావీదు కథే సరిగ్గా చదవండి, తనని తరుముతున్న సౌలు రాజుని చంపనన్నాడు గానీ గుహ బయట నిలబడి, అందరూ వింటుండగా నువ్వు చేసేది అన్యాయం అని ముఖం మీదే చెప్పాడు. తర్వాత దావీదు తానే అభిషిక్తుడైన రాజుగా పాపం చేస్తే నాతాను ప్రవక్త వచ్చి, ఒక అన్యాయపు మనిషి కథ చెప్పి, ఆ మనిషివి నువ్వే అన్నాడు, దావీదు ఒప్పుకున్నాడు. అంతియొకయలో పౌలు పేతురుని ముఖాముఖిగా ఎదిరించాడు. ప్రశ్నించేవాళ్ళు ఎవరూ లేని నాయకుడు భద్రంగా లేడు, నిజానికి సంఘంలో అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఆయనే. బెదిరించి, శపిస్తానని భయపెట్టి నడిపించేవాళ్ళ గురించి అయితే ఇక చెప్పక్కర్లేదు, మందమీద ప్రభువుల్లా ఉండొద్దని పేతురు ఎప్పుడో రాశాడు, అలాంటి చోట విశ్వాసులు నలిగిపోతుంటే మౌనంగా ఉండటం పెద్దలకి తగదు.

డబ్బు సంగతి కూడా ఇంతే. యెరూషలేము పరిశుద్ధుల కోసం, అంటే అక్కడి విశ్వాసుల కోసం, కానుకలు పోగుచేసినప్పుడు ఎవరూ తప్పు పట్టకుండా పౌలు తనతో పాటు సంఘాలు ఏర్పరచిన వేరే సహోదరుల్ని కూడా పెట్టుకున్నాడు. 1948లో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రహం, ఆయన టీమ్ కాలిఫోర్నియాలోని మోడెస్టోలో కూర్చుని తమ ముందున్న సువార్తికులు ఎక్కడెక్కడ పడిపోయారో ఆలోచించి డబ్బు, స్త్రీలతో ప్రవర్తన, సభల లెక్కలు పెంచి చెప్పుకోవడం, స్థానిక సంఘాల్ని చులకన చేయడం, ఈ నాలుగింట్లో ముందే హద్దులు పెట్టుకున్నారు. శోధన వచ్చాక కాదు, రాకముందే.

పని పంచుకోవడం గురించి ఎక్కువ చెప్పను, నిర్గమకాండం 18లో యిత్రో తన అల్లుడు మోషేతో అన్న మాట చాలు, నువ్వు చేసే పని మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ ప్రజలూ నలిగిపోతారు అన్నాడు. ప్రజలు కూడా! మైకు, కుర్చీలు, లెక్కలు, సండే స్కూల్, గృహ దర్శనాలు అన్నీ ఒక్కడే చూసుకునే సంఘంలో విశ్వాసులు ఎదగరు.

అమ్మగార్ల గురించి, అంటే పాస్టర్ గార్ల భార్యల గురించి మాత్రం చెప్పి తీరాలి. అయ్యగారి మీద కోపం ఉన్నవాళ్ళందరూ దాన్ని చూపించేది అమ్మగారి మీదే, ఆమె ఏ చీర కట్టుకుంది, ఎవరితో మాట్లాడింది, పిల్లలు ఆరాధనలో ఎందుకు అల్లరి చేశారు. పాస్టర్ పిల్లలు కాబట్టి ఇలా ఉండాలి అనే మాట నేను ఎంత విన్నానో, దానివల్ల దేవుడి మీదే కోపం పెంచుకుని సంఘానికి దూరమైన పాస్టర్ పిల్లలు నాకు తెలుసు. వాళ్ళని మామూలు పిల్లల్లా పెరగనివ్వండి.

సంఘ పెద్దలు ఎవరైనా ఇది చదువుతుంటే నాదొక విన్నపం. వచ్చే మీటింగులో కానుకల లెక్కలకన్నా ముందు అయ్యగారూ మీరెలా ఉన్నారు, నిద్ర పడుతోందా, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడగండి, అడిగి ఆయన చెప్పేది పూర్తిగా వినండి, అక్కడ విన్నది బయటికి పోనివ్వకండి. వారంలో ఒక రోజు ఆయనకి సెలవు అని తీర్మానం చేయండి, ఆ రోజు ఎవరికైనా అవసరమొస్తే ఏ పెద్దకి ఫోన్ చేయాలో ఆ నంబరు మీరే ఆదివారం ప్రకటనల్లో చెప్పండి. ఆయన నోటితో ఆయన చెప్పుకుంటే సోమరితనం అనేవాళ్ళు ఉంటారు, మీరు చెప్తే ఎవరూ అనరు.