దొర మీద పంచాయితీ, హేగ్‌లో కోర్టు

నెదర్లాండ్స్‌లో హేగ్ నగరానికి ఆనుకొని ఉన్న రైస్వైక్‌లో మేము స్థిరపడ్డాక పుట్టిన మా పిల్లలకు అంతర్జాతీయ న్యాయం పుస్తకాల్లోని సంగతి కాదు, ట్రామ్‌లో వెళ్తుంటే కిటికీలోంచి కనిపించే కట్టడం. అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన డబ్బుతో కట్టి 1913లో తెరిచిన శాంతి సౌధంలో అంతర్జాతీయ న్యాయస్థానం ఉంది. అందులో 15 మంది న్యాయమూర్తులు, ఒక్కొక్కరికి తొమ్మిదేళ్ల పదవీకాలం. అక్కడికి కొంత దూరంలో, సముద్రపు ఇసుక దిబ్బల పక్కన, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఉంది. మొదటిది దేశాల మధ్య తగవులు తీర్చేది, రెండోది మనుషులను బోనులో నిలబెట్టేది. నేను నల్లగొండలో డిగ్రీ చదివిన రోజుల్లో నాకు ఈ తేడా తెలియదు. మా పెద్దమ్మాయికి చిన్న తరగతుల్లోనే తెలుసు.

ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు డుటెర్టేను 2025 మార్చిలో మనీలాలో అరెస్టు చేసి విమానంలో హేగ్‌కు తెచ్చినప్పుడు, అధ్యక్షుడైనా సరే చట్టం ముందు నిలబడక తప్పదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలని అమ్మాయి ఇంట్లో వాదించింది. ఆ వేసవి సెలవుల్లో నకిరేకల్ దగ్గరి మా ఊరికి వెళ్లినప్పుడు అదే ఉత్సాహంతో, తనకు వచ్చినంత తెలుగులో, మా పెద్దబాపుకు కూడా చెప్పింది. ఎనభై ఏడేళ్ల మనిషి. వార్తలు ఒక్క పూట కూడా వదలడు.

“అమెరికా ప్రెసిడెంటును గూడ గిట్లనే పట్కొస్తరా బిడ్డా?” అని అడిగాడు. తీసుకురారని ఆమె ఒప్పుకుంది. 1998లో రోమ్‌లో కుదిరిన ఒప్పందం మీద ఆ క్రిమినల్ కోర్టు నడుస్తోందని, అమెరికా, రష్యా, చైనా అందులో సభ్యులు కావని, మన భారతదేశం కూడా చేరలేదని వివరించింది. తమ సైనికులను ఆ కోర్టు పట్టుకుంటే విడిపించడానికి అవసరమైన ఏ మార్గాన్నైనా వాడుకునే అధికారాన్ని అధ్యక్షుడికి ఇస్తూ అమెరికా 2002లో ఒక చట్టమే చేసుకుందని, దానికి ‘హేగ్ దండయాత్ర చట్టం’ అని జనం పేరు పెట్టారని కూడా చెప్పింది. ఆ పేరు మా ఊళ్లోని పిల్లలకు కూడా తెగ నచ్చింది. పుతిన్ మీద 2023 మార్చిలో వారంటు వచ్చినా, మరుసటి ఏడు ఆయన ఆ కోర్టు సభ్య దేశమైన మంగోలియాకు వెళ్లి, స్వాగత సత్కారాలు అందుకొని, హాయిగా తిరిగి వెళ్లాడని ఒప్పుకునేసరికి ఆమె గొంతు తగ్గింది. భద్రతా మండలిలో ఐదు దేశాలకు ఉన్న వీటో సంగతి విన్నాక పెద్దబాపు తేల్చేశాడు: “దొర మీద ఫిర్యాదు చేస్తే, ఆ పంచాయితీల దొరే కూసుంటడన్నమాట. ఇగ అది ఎన్నడు తెగాలె?”

పరాయి దేశంలో పిల్లలను పెంచే మాలాంటి వాళ్లకు ఇలాంటి చోట ఒక దుర్గుణం ఉంటుంది. ఉన్న దేశంలో సొంత ఊరి గొప్పలు, సొంత ఊరిలో ఉన్న దేశం గొప్పలు చెప్పుకుంటూ, రెండు చోట్లా సగం నిజంతో పబ్బం గడుపుకుంటాము. అమ్మాయికి బడి నేర్పిన నమ్మకం ఒక సగం, పెద్దబాపు అనుభవం నేర్పిన నిరాశ మరొక సగం. వాటిలో ఒకటి ఎంచుకొమ్మని చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. పెద్దబాపు మాటకు బలం ఎంత ఉందో ఆమెకు తెలియాలని, ఆ రాత్రి నికరాగువా కేసు గురించి మేమిద్దరం కూర్చొని చదివాము.

నికరాగువా ప్రభుత్వం మీద సాయుధ తిరుగుబాటుదారులను ఎగదోసి, దాని రేవుల్లో మందుపాతరలు పెట్టించినందుకు ఆ చిన్న దేశం 1984లో అమెరికా మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. కేసు వినే అధికారం తనకు ఉందని కోర్టు చెప్పగానే అమెరికా విచారణ నుంచి లేచిపోయింది, కోర్టు అధికారాన్ని ముందుగా ఒప్పుకుంటూ ఎప్పుడో ఇచ్చిన ప్రకటనను కూడా 1985లో ఉపసంహరించుకుంది. 1986 జూన్ 27న తీర్పు వచ్చింది: అమెరికా అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించింది, పరిహారం చెల్లించాలి. తీర్పును ఓడిన దేశం పాటించకపోతే గెలిచిన దేశం భద్రతా మండలికి వెళ్లవచ్చని ఐక్యరాజ్యసమితి నియమావళిలో 94వ అధికరణం చెబుతుంది. నికరాగువా వెళ్లింది. అక్కడ అమెరికాయే వీటో వేసింది. ఆ తరువాత సర్వప్రతినిధి సభలో 94 దేశాలు తీర్పును అమలు చేయాలని ఓటు వేస్తే, వద్దన్నవి మూడే, అయినా డాలరు కూడా కదలలేదు. 1991లో, ప్రభుత్వం మారిన తరువాత, నికరాగువా తన దావాను తానే వెనక్కు తీసుకుంది. దక్షిణ చైనా సముద్రం మీద ఫిలిప్పీన్స్ గెలిచిన 2016 నాటి తీర్పును కాగితం ముక్కగా తీసిపారేసిన చైనాది కూడా ఇదే దారి.

ఇక పెద్దబాపు చెప్పిందే ఖాయమని అమ్మాయి అనుకుంటుండగా, మరునాడు ఆయనే చాకలి ఐలమ్మ సంగతి ఎత్తాడు. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న పాలకుర్తి అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఐలమ్మ సాగు చేసుకుంటున్న భూమిని విసునూరు దేశ్‌ముఖ్ లాక్కోవాలని చూసినప్పుడు వ్యవహారం కోర్టుకెక్కింది, తీర్పు ఆమె పక్షానే వచ్చింది. అయినా దేశ్‌ముఖ్ పంట కోసుకు రమ్మని గూండాలను పంపాడు. జనం ‘సంఘం’ అని పిలుచుకున్న ఆంధ్ర మహాసభ కార్యకర్తలు కర్రలు పట్టుకొని అడ్డం నిలబడి, కోసిన వడ్లను ఐలమ్మ ఇంటికి చేర్చారు. పెద్దబాపు ఈ కథను సంఘం గొప్పతనం చెప్పడానికి చెప్పాడు, కోర్టు అందులో ఆయనకు లెక్కలోనిది కాదు. అమ్మాయి మాత్రం వేరుగా పట్టుకుంది: కోర్టు తీర్పు లేకపోతే అది ఇద్దరి మధ్య భూమి తగాదాగా మిగిలేదని, తీర్పు ఉన్నందువల్లనే దేశ్‌ముఖ్ పంపినవాళ్లు దొంగలని అందరికీ తేలిందని ఆమె వాదన. “మరి నికరాగువకు సంఘం యాడుంది?” అని ఆయన. ఆ ప్రశ్నకు మా ముగ్గురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. 94 దేశాల ఓటును సంఘం అనవచ్చునేమో గాని, కర్ర పట్టుకొని చేనులో నిలబడడానికి వాటిలో ఒక్కటీ రాలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది అగ్రరాజ్యాల సంగతి కాదు. అమెరికానో చైనానో తప్పుబట్టడం మా పిల్లలకు సులువు, అవి వాళ్ల దేశాలు కావు. వాళ్లకు సొంతమని చెప్పుకోదగిన దేశాలు రెండున్నాయి. వాటిలో ఏదైనా బలవంతుడి స్థానంలో నిలబడినప్పుడు వాళ్లు ఏ కొలత వాడతారన్నదే నా చింత.

డచ్చి బడిలో అంతర్జాతీయ న్యాయం అనగానే పిల్లలకు గుర్తొచ్చేది 2014 జూలై 17న ఉక్రెయిన్ మీద కూల్చివేతకు గురైన మలేషియా విమానం. చనిపోయిన 298 మందిలో 196 మంది ఈ దేశపు పౌరులు. 2022లో హేగ్ జిల్లా కోర్టు ముగ్గురికి వారి పరోక్షంలోనే యావజ్జీవ శిక్ష వేసింది, 2025లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం రష్యాను బాధ్యురాలిగా నిలబెట్టింది. శిక్ష పడినవాళ్లలో ఒక్కరు కూడా ఈ దేశపు జైలుకు రాలేదు. ఆ దుఃఖం నిజమైనది, నేను కూడా పంచుకున్నది. అయితే అదే హేగ్ జిల్లా కోర్టు 2011 సెప్టెంబరులో ఇచ్చిన మరొక తీర్పు మా అమ్మాయి బడిలో ఎవరూ ప్రస్తావించలేదు. ఇండొనేషియా స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న రోజుల్లో, 1947 డిసెంబరు 9న, జావాలోని రవాగడే అనే ఊళ్లో డచ్చి సైనికులు మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చి చంపారు. చనిపోయింది 150 మంది అని డచ్చి ప్రభుత్వం, 431 మంది అని ఊరివాళ్లు. భర్తలను పోగొట్టుకున్న ముసలివాళ్లు అరవై ఏళ్లు దాటాక, ఏ దేశపు సైన్యం చంపిందో ఆ దేశపు ప్రభుత్వం ఉండే హేగ్‌లోనే దావా వేశారు. కాలదోషం పట్టిందని ప్రభుత్వం వాదించింది. బాధితురాళ్లు బతికి ఉండగా ఆ వాదన న్యాయం కాదని కోర్టు తోసిపుచ్చింది. ఒక్కొక్కరికి 20,000 యూరోల పరిహారం వచ్చింది, ఆ డిసెంబరులో డచ్చి రాయబారి ఆ ఊరికే వెళ్లి క్షమాపణ చెప్పాడు. బోస్నియా యుద్ధంలో, స్రెబ్రెనిట్సా అనే ఊళ్లో తమ సైనికుల రక్షణలోంచి పంపించివేయబడిన సుమారు 350 మంది మరణాల్లో పది శాతం బాధ్యత డచ్చి ప్రభుత్వానిదని 2019లో ఆ దేశపు సుప్రీం కోర్టే తేల్చింది. పది శాతం అనే లెక్క వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, కాని సున్నా అనకుండా పది అన్నది బయటి కోర్టు కాదు, సొంత కోర్టు.

భారతదేశం వైపుకు వస్తే మా ఇంట్లో మాటలు మరింత జాగ్రత్తగా నడిచాయి. 2017లో అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నికలో బ్రిటన్ తన అభ్యర్థిని వెనక్కు తీసుకోగా జస్టిస్ దల్వీర్ భండారీ గెలిచినప్పుడు, 2019లో కులభూషణ్ జాదవ్ కేసులో పాకిస్తాన్ మీద తీర్పు వచ్చినప్పుడు, మన తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులు ఆ కోర్టును ఆకాశానికి ఎత్తాయి. 1999లో మన వైమానిక దళం కూల్చిన తమ విమానం విషయంలో పాకిస్తాన్ మన మీద అదే కోర్టుకు వెళ్తే, కామన్వెల్త్ దేశాల మధ్య తగవులు వినడానికి ఒప్పుకోమని మనం ముందే రాసిపెట్టుకున్న మినహాయింపు చూపించి 2000లో కేసు కొట్టివేయించుకున్నాము. చట్టప్రకారం అది పూర్తిగా సక్రమమే. మనకు పని పడినప్పుడు తట్టే తలుపుకు, మన మీదికి వచ్చినప్పుడు గడియ వేసుకున్నామని అమ్మాయికి చెప్పక తప్పలేదు.

అప్పుడు ఆమె అడిగింది: “మన ఊరి గురించి ఎవరైనా ఎప్పుడైనా ఐక్యరాజ్యసమితికి పోయారా?”

పోయారు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారతదేశం మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న సైన్యం హైదరాబాదు రాజ్యంలో అడుగుపెట్టింది. పారిస్‌లో 16న మండలి ఆ విషయం చేపట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. కొద్ది రోజులకే ఫిర్యాదు వెనక్కు తీసుకుంటున్నానని ఆయన పేరుతో తంతి వెళ్లింది, ‘హైదరాబాదు ప్రశ్న’ మాత్రం ఏళ్ల తరబడి మండలి జాబితాలో పద్దుగా మిగిలిపోయింది. పదేళ్ల పిల్లవాడిగా సూర్యాపేట వైపునుంచి వచ్చే మిలిటరీ లారీలకు చేతులూపిన పెద్దబాపుకు తన బతుకు పారిస్‌లో చర్చకు వచ్చిందని ఆ రోజే తెలిసింది. ఆయన అడిగింది ఒక్కటే: “గా అర్జీల మా వెట్టి రాసిండా? రజాకార్లు కాల్చిన ఊర్లు రాసిండా?”

రాయలేదు. దేశాల చట్టంలో అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యానికి ఉంది గాని, రాజ్యం కింద నలిగిన కడవెండి లాంటి ఊరికి లేదు. అమ్మాయి అక్కడ ఆగి ఉంటే పెద్దబాపు పక్షం గెలిచేది, ఆమె ఆగలేదు. సైన్యం వచ్చిన తరువాత చనిపోయినవాళ్లను ఏ అర్జీలో రాశారని అడిగింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం, ఆ రోజుల్లోను ఆ తరువాతను రాజ్యం మొత్తంలో 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని, వారిలో ఎక్కువమంది ముస్లింలని, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలకు ఎక్కువ దెబ్బ తగిలిందని రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. “మాకు రజాకార్ల పీడ పోయింది. ఆ దిక్కు ఏమైందో మాకు శాన రోజులకు తెల్సింది,” అని పెద్దబాపు అన్నాడు. కొంచెం ఆగి, 1949లో సంఘపోడని మిలిటరీ క్యాంపుకు పట్టుకుపోయిన తన మేనమామ మళ్లీ రాలేదన్న సంగతి చెప్పాడు. నేను చిన్నప్పటినుంచి ఆ ఇంట్లో తిరిగినదాన్ని, ఆ మాట అంతకుముందు వినలేదు.

రైస్వైక్‌కు తిరిగి వచ్చాక అమ్మాయి బడి ప్రసంగానికి రవాగడేను, హైదరాబాదును కలిపి తీసుకుంది. పరాయి పిల్లల ముందు సొంత దేశాన్ని పలుచన చేయడమెందుకని మావారు అభ్యంతరం చెప్పారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. ఇక్కడ మన గురించి ముందే తేలికగా మాట్లాడేవాళ్లు ఉన్నారు, వాళ్ల చేతికి మనమే ఆయుధం ఇవ్వనక్కరలేదు. అయినా రెండు దేశాలనూ ఒకే బల్ల మీద పెట్టి మాట్లాడే పిల్లను ఆపడానికి నాకు మనసొప్పలేదు. ఆమె ప్రసంగం ముగిశాక ప్రశ్నలన్నీ రవాగడే గురించే వచ్చాయట. తరగతిలో చాలామంది ఆ పేరే వినలేదు.

ఈ సంగతి ఫోన్లో చెప్పినప్పుడు, ఆ ఆడవాళ్లకు న్యాయం కావడానికి ఎన్నేళ్లు పట్టిందని పెద్దబాపు అడిగాడు. 64 ఏళ్లని చెప్పాము. “బతికున్నోళ్లకైతే ఇచ్చిన్రు గద,” అన్నాడు, అని, మేనమామ మీద ఇప్పుడు ఎక్కడ అర్జీ పెట్టొచ్చో కనుక్కొమ్మని మనవరాలికి పని చెప్పాడు. అంతర్జాతీయ న్యాయస్థానానికి వ్యక్తులు వెళ్లే దారి లేదు. క్రిమినల్ కోర్టుకు 2002 జూలై 1కి ముందు జరిగినవి పట్టవు, పైగా భారతదేశం అందులో సభ్యురాలే కాదు. రవాగడే వాళ్లలాగే, తప్పు చేసిన రాజ్యపు సొంత కోర్టు గడపే తొక్కాల్సిందే. దానికైనా ముందు ఒక కాగితం కావాలి గనుక, 1949 నాటి నల్లగొండ జిల్లా నిర్బంధ శిబిరాల రికార్డులు ఏమైనా ఉన్నాయా అని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు రాయడానికి అమ్మాయి ఉత్తరం తయారు చేస్తోంది. మేనమామ ఇంటిపేరు ఉర్దూ రికార్డుల్లో ఎలా రాసి ఉంటారో తెలియక, రెండు మూడు రకాలుగా రాసి పంపుదామని నిన్న పెద్దబాపే సలహా ఇచ్చాడు.