పండగ లేని ఏడాది సంక్రాంతి సెలవులు ఎలా గడిపామంటే

మా అమ్మ మొన్న ఆశ్వయుజంలో కాలం చేసింది. నేను కొడుకుని కాబట్టి సంవత్సరీకం అయ్యేదాకా మా ఇంట్లో పండగల్లేవు. గుమ్మంలో ముగ్గు వెయ్యకూడదు, పొయ్యి మీద నూనె మూకుడు పెట్టకూడదు, కొత్త బట్టలు కట్టకూడదు. దీపావళి ఎప్పుడొచ్చి ఎప్పుడెళ్ళిందో నాకు తెలియనే లేదు. సంక్రాంతి అంటే మాత్రం నిజంగా భయం వేసింది, ఎందుకంటే అది ఒక్కరోజుతో పోయేది కాదు, డిసెంబరు 16 ప్రాంతాల్లో ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి నెల్లాళ్ళు గుడి మైకులో తిరుప్పావై, వీధుల్లో హరిదాసులు, గంగిరెద్దులు, ఎదురింట్లో గొబ్బెమ్మలు, అన్నీ కళ్ళ ముందే జరుగుతుంటాయి.

పైగా డిసెంబరులో విశాఖలో సాయంత్రం ఐదున్నరకే చీకటి. మనం తూర్పున ఉన్నాం కదా, హైదరాబాద్ కంటే దాదాపు 20 నిమిషాలు ముందే పొద్దు గుంకుతుంది. ఆఫీసు నుంచి విశాలాక్షినగర్‌లో మా ఇంటికొచ్చేసరికి రాత్రైపోయి ఉండేది. లైటు కూడా వేసుకోకుండా హాల్లో కూర్చుండిపోయేవాణ్ణి. మా పాపకి తొమ్మిదేళ్ళు, అది వచ్చి పక్కన కూర్చుని ఏమీ అడక్కుండా లేచి వెళ్ళిపోయేది. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

ఒకరోజు మా ఆవిడ, "సాయంత్రం ఎలాగూ చీకటే, మీరు పొద్దున్న పూట బయటికి వెళ్ళండి" అంది. అదే మొదలు. ఆరింటికి లేచి జోడుగుళ్ళపాలెం వైపు తీరానికి నడిచేవాణ్ణి. ఆ నెలలో సూర్యుడు ఆరూ ఇరవై దాటాకే పైకొస్తాడు, మొదట్లో సముద్రం బూడిదరంగులో ఉండి ఒక్కసారిగా రాగిరంగు తిరుగుతుంది. మొదటి నాలుగైదు రోజులు ఏమీ అనిపించలేదు, ఈ మాట దాచకుండా చెప్పాలి. ఆరోరోజో ఏడోరోజో జాలర్లు ఒడ్డు మీంచి అలివి వల లాగుతున్నారు, నేను నిలబడి చూస్తుంటే ఒక పెద్దాయన, "ఏటి బాబూ అలా సూస్తన్నావు, ఓ సెయ్యెయ్యి" అన్నాడు. చెప్పులు వదిలేసి తాడు పట్టుకున్నాను. వెనక్కి నడుస్తూ లాగడం, చివరివాడు తాడు వదిలేసి మళ్ళీ ముందుకొచ్చి పట్టుకోవడం, ఇలా చాలాసేపు. వలలో కవళ్ళు, చిన్న చిన్న రొయ్యలు, బోలెడు చెత్త. అరచేతులు మండిపోయాయి గానీ అంతసేపూ నా బుర్రలో ఇంకేమీ లేదని ఇంటికొచ్చాక తెలిసింది. రెండు నెలల్లో అదే మొదటిసారి.

మధ్యలో ఒక ఆదివారం అరకు వెళ్ళాం, వలిసె పూలు చూపిస్తే పాప సంతోషపడుతుందని. ఘాట్ రోడ్డు నిండా కార్లు, పసుపుపచ్చ పొలాల్లో ఫోటోల కోసం తొక్కిసలాట. తిరిగొచ్చాక ముగ్గురం ఇంకా నీరసపడ్డాం. మనసు బాగోనప్పుడు మందిలోకి పోవడం మాకైతే పనిచెయ్యలేదు.

జనవరిలో స్కూలుకి సెలవులివ్వగానే భీమిలి దగ్గర మా ఊరి ఇంటికి వెళ్ళాం. ఇల్లు ఊడ్చి, పెరడు చూద్దామని వెనక్కి వెళితే నూతి పక్కన మట్టి దిబ్బ కనిపించింది. తాటి టెంకల పాతర. భాద్రపదంలో తాటిపళ్ళు రాలినప్పుడు అమ్మ టెంకలు ఏరి ఏటా అక్కడే పాతేది, ఈసారి కూడా పాతింది, ఆ తర్వాత నెల తిరిగేసరికి తనే లేదు. ఆ సంగతి మాలో ఎవరికీ గుర్తులేదు. కింద నాలుగు నెలలుగా తేగలు దిగుతూనే ఉన్నాయి.

నేను చాలాసేపు తవ్వలేకపోయాను. పాపే పార పట్టుకొచ్చి, "నాన్నా, నానమ్మ మనకోసమే కదా పెట్టింది" అంది. ఇంక తవ్వాను. తేగలు తవ్వడానికి ఓపిక కావాలి, గునపం తిన్నగా దింపితే విరిగిపోతాయి, పక్కనుంచి మట్టి వదులు చేసుకుంటూ రావాలి. ఆలస్యం చేసి ఆకు పైకి తన్నుకొచ్చేదాకా ఉంచితే పీచు కట్టేస్తుంది, మావి సరిగ్గా సమయానికే దొరికాయి. వందకి పైగా వచ్చాయి. పైన మిగిలిన టెంకల్ని కత్తితో కొడితే కొన్నిట్లో బుర్రగుంజు ఉంది, స్పాంజిలా తెల్లగా, తియ్యగా. పాప దాన్ని అదే మొదటిసారి తినడం.

సాయంత్రం తంపటి వేశాం. తేగలు శుభ్రంగా కడిగి పాత కుండలో నిలువుగా కూరి, మూతికి గడ్డి కుక్కి బోర్లించి, చుట్టూ ఎండు తాటాకులు, కంప వేసి ముట్టించాలి. అమ్మ చేస్తుంటే చూశానే తప్ప నేనెప్పుడూ చెయ్యలేదు. మొదటి కుండ అడుగున మాడింది, రెండోది బాగా కుదిరింది. తేగ చీల్చితే మధ్యలో లేత మొవ్వు ఉంటుంది, చిన్నప్పుడు దాన్ని చందమామ అనేవాళ్ళం, అది ఎప్పుడూ నాకే ఇచ్చేది అమ్మ. పాపకిచ్చాను. మంట చుట్టూ కూర్చుని ఆ రాత్రి అమ్మ గురించి మొదటిసారి మామూలుగా మాట్లాడుకున్నాం, ఆసుపత్రి రోజుల గురించి కాకుండా, ఆవిడ తిట్లు, వంటలు, చీట్లపేకలో చేసే మోసం, అన్నీ.

ఇక్కడ ఒక మాట. నాకు నిద్ర పట్టేది, ఆకలి వేసేది, కాబట్టి ఇలాంటి చిన్న పనులు సరిపోయాయి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా దయచేసి తేగలతో, నడకతో సరిపెట్టుకోకండి. డాక్టర్ని కలవండి, లేదా 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీమానస్ ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు.

పండగ లేని ఇంటికి ఇరుగుపొరుగు పిండివంటలు పంపుతారు. భోగి నాటికే మా వంటింట్లో నాలుగిళ్ళ అరిసెలు, పక్కింటి పిన్నిగారి పోకుండలు. మామూలుగా అయితే తిరిగి ఇవ్వడానికి మా ఇంట్లో ఏమీ ఉండేది కాదు. ఈసారి ఒక్క గిన్నె కూడా ఖాళీగా వెనక్కి వెళ్ళలేదు. పాప ఒక్కో గిన్నెలో తేగలు పేర్చి, "మా నానమ్మ పంపింది" అని ఇచ్చి వచ్చింది. పిన్నిగారు గిన్నె పట్టుకుని గుమ్మంలోనే కళ్ళు తుడుచుకున్నారు.

కనుమ నాడు వీధంతా రథం ముగ్గులు. ఒక ఇంటి రథానికి కట్టిన తాడు గీత పక్కింటి రథాన్ని కలవాలి, అలా వీధి చివరిదాకా పోవాలి. మా గుమ్మంలో ముగ్గు లేదు కాబట్టి గీత అక్కడ ఆగిపోతుందనుకున్నాను. పొద్దున్నే తలుపు తీసేసరికి పిన్నిగారు వంగుని, మా గేటు ముందు నుంచి అవతలింటి దాకా తాడు గీస్తున్నారు. పాప వెళ్ళి ముగ్గుడబ్బా పట్టుకుని ఆవిడ పక్కన నిలబడింది.