కృష్ణపట్నం నుంచి పైకి: గాలి చూసి కాదు, మొగ చూసి ఆగాలి

నెల్లూరు తీరంలో విహార పడవలకని కట్టిన రేవు (మెరీనా) లేదు. దగ్గర్లో ఉన్నదల్లా చెన్నై హార్బరు లోపలి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్బే. అందుకే మార్చి నెలాఖరులో తెరచాప పడవ మీద ఉత్తరంగా వస్తూ మేం వెతికింది సౌకర్యాలు కాదు, రాత్రికి పడవ కుదురుగా నిలిచే చోటు.

మార్చి ఎందుకంటే, ఫిబ్రవరి నుంచి తీరం వెంబడి నీళ్ళు ఉత్తరానికి నడుస్తాయి, గాలీ దక్షిణం నుంచే వస్తుంది. అక్టోబరు దాటితే రెండూ ఎదురు తిరుగుతాయి, పైగా వాయుగుండాలు. బయల్దేరే ముందు శ్రీహరికోట ప్రయోగాల హెచ్చరికలు చూసుకోవాలి. రాకెట్ ఉన్న రోజు ఆ ముందున్న సముద్రంలోకి పోనివ్వరు.

రోజు లెక్క ఇలా ఉంటుంది. తెల్లవారుజామున నేల మీంచి పడమటి గాలి, అయిదారు నాట్లు (గంటకు పది కిలోమీటర్ల ప్రాంతం), సముద్రం చదును. పదిన్నర ప్రాంతంలో గాలి పడిపోతుంది. మధ్యాహ్నం ఆగ్నేయం నుంచి పైరగాలి లేస్తుంది, మూడింటికల్లా 15 నాట్లు దాటుతుంది. హాయిగా పరిగెత్తించే గాలే. కానీ ఈ తీరం ఉత్తర దక్షిణాలుగా తిన్నగా సాగిపోతుంది, చాటుకు కొండ లేదు, కోన లేదు. ఇంజన్ ఆగిందా, గాలి పడవను ఒడ్డుకే తోస్తుంది. అందుకని ఒడ్డుకు మూడు నాటికల్ మైళ్ళ ఎడం ఉంచుకుని, గాలి 12 నాట్లకు రాగానే పెద్ద తెరచాపను ఒక మడత దించి చిన్నది చేశాం.

చాటు పూర్తిగా లేదనడమూ సరికాదు. దుగరాజపట్నం ముందు ఆర్మగాన్ ఇసుక మేట బయటి అలను కొంత విరిచేస్తుంది. పాత ఓడలు ఆ మేటకూ ఒడ్డుకూ మధ్య లంగరు వేసేవి. పటం చేతిలో లేకుండా అటు పోకూడదు.

కృష్ణపట్నంలో లోతుకు కొదవ లేదు, రాతి కట్టల మధ్య నీళ్ళు నిలకడగా ఉంటాయి. కానీ అది పెద్ద ఓడల రేవు. వీహెచ్‌ఎఫ్ రేడియోలో అనుమతి అడగకుండా కాలువలోకి ముక్కు పెట్టకూడదు. బొగ్గు దిగే రేవు కాబట్టి తెరచాపకు తొడుగు వేసి ఉంచడం మంచిది.

మైపాడు దాటి ఊటుకూరు వైపు వచ్చేసరికి పెన్న మొగ, అంటే నది సముద్రంలోకి తెరుచుకునే చోటు. ఇసుక మేటలు వరదకొకసారి చోటు మారతాయి, పటాన్ని నమ్మి దగ్గరికి వెళ్ళకూడదు. అక్కణ్ణుంచి వలల బెండ్లు కూడా ఎక్కువ. బెండు కనిపిస్తే ఇంజన్ న్యూట్రల్ చేయాలి. తాడు పడవ కింద తిరిగే ఫ్యాన్‌కు చుట్టుకుంటే కత్తి పట్టుకుని దిగడం తప్ప దారి లేదు.

జువ్వలదిన్నె చేపల రేవే మాకు నచ్చింది, మొగ దగ్గర ఓపిక పట్టగలిగితే. అల తన ఎత్తుకు దాదాపు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది. మీటరున్నర అల రెండు మీటర్ల నీళ్ళలో పగులుతుందన్నమాట. పాటు నీళ్ళు, అంటే సముద్రం తగ్గేటప్పటి నీళ్ళు, ఎదురుగా బయటికి తోసుకొస్తుంటే అల ఇంకా నిటారుగా లేచి ముందే విరుగుతుంది. అలాంటి అల వెనక భాగాన్ని ఎత్తేస్తే చుక్కానికి నీటి పట్టు పోయి పడవ అడ్డం తిరుగుతుంది. ఇక్కడ ఆటుపోట్ల తేడా మీటరుకు అటూ ఇటూనే, అయినా సమయం చూసుకోవాల్సిందే. పోటు (నీళ్ళు పెరిగే) చివరి గంటలో, పైరగాలి లేవకముందు వెళ్ళాలి. బయట పది నిమిషాలు ఆగి చూస్తే పెద్ద అలలు గుంపుగా వచ్చి పోవడం తెలుస్తుంది. ఆఖరి పెద్ద అల వెనకే, దాని వేగానికి తగ్గకుండా లోపలికి. మధ్యలో ఇంజన్ తగ్గించడమే అసలు ప్రమాదం.

లోపల ముందూ వెనకా తాళ్ళు చాలవు. ముందు నుంచి వెనక్కి ఒకటి, వెనక నుంచి ముందుకి ఒకటి ఏటవాలుగా కట్టాలి, లేకపోతే అల లోపలికొచ్చినప్పుడల్లా పడవ గట్టు వెంట ముందుకూ వెనక్కూ జారుతుంది. గట్టుకు వేలాడే టైర్లు తెల్ల ఫైబర్‌కు నల్ల మరకలు పూస్తాయి. పడవకూ గట్టుకూ మధ్య వేసే మెత్తల బయట ఒక చెక్క పలక వేలాడదీస్తే ఆ బాధ తప్పుతుంది.

రామాయపట్నంలో పోర్టు పనుల హడావుడి, మనలాంటి పడవలు దాని మీద ఆశ పెట్టుకోకూడదు. బయట లంగరు వేస్తే 6 మీటర్ల లోతుకు కనీసం 40 మీటర్ల గొలుసూ తాడూ వదలాలి, అదీ పడమటి గాలి ఉన్నంతసేపే. ఇంకా పైన ప్రకాశంలో కొత్తపట్నం ఉత్త ఇసుక ఒడ్డు. అక్కడి ఫైబర్ బోట్లను మనుషులు ఒడ్డుకు లాగేస్తారు, అడుగున బరువు కీల్ (నీళ్ళలోకి దిగే రెక్క) ఉన్న పడవకు అది కుదరదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. ఆ రోజుల్లో మర పడవలన్నీ రేవుల్లోనే కట్టి ఉంటాయి. అప్పుడు వచ్చేవాళ్ళు గట్టు దొరుకుతుందో లేదో ముందే కనుక్కుని రావాలి.