ఖాట్మండుకు ఆవకాయ

మా చర్చి నుంచి వెళ్లి ఖాట్మండులో పరిచర్య చేస్తున్న దంపతుల్ని చూడ్డానికి పోయిన నెల నేనూ మా ఆయనా వెళ్లాం. గాజువాకలో బయల్దేరేటప్పుడు పెట్టెలో బట్టలకన్నా తిండే ఎక్కువ. మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం, మూడు కవర్లు చుట్టి టేపేసిన ఆవకాయ సీసా. ఢిల్లీలో విమానం మారి అక్కడ దిగేదాకా నాకు ఆ నూనె గురించే టెన్షన్.

నేపాల్ టైము మనకన్నా 15 నిమిషాలు ముందు. వారం సెలవు శనివారం కాబట్టి ఆరాధనా ఆ రోజే. గడియారం మార్చుకోక మొదటి ఆరాధనకే లేటయ్యాం.

బైబిల్ వాక్యం చెప్పాలని నాలుగు పేజీలు రాసుకెళ్లాను. అవి బ్యాగులోనే ఉండిపోయాయి. ఆ దంపతుల్లో అమ్మాయి వంటింట్లో నిలబడే వేడన్నంలో ఆవకాయ కలుపుకుంది. రెండో ముద్దకే ఏడుపు.

"అక్కా, నీరసంగా ఉందని ఎవరికీ చెప్పలేను. పంపినవాళ్లు ఏమనుకుంటారోనని భయం."

నిజమే, నెలనెలా వాళ్ల రిపోర్టు చదివి చప్పట్లు కొట్టేది మేమే కదా! 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి మన విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ గుర్తొచ్చారు. 1810 ముగిసేలోపే ఇద్దరూ చనిపోయారు. ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే ఓడలో నెలలు పట్టే రోజులవి. వాళ్ల వంటింట్లో ఎవరు కూర్చున్నారో!

మిగతా మూడు రోజులూ గిన్నెలు కడిగాను, విన్నాను. మా ఆయన వాళ్ల పిల్లాడికి తెలుగు ఒత్తులు దిద్దించారు.

వచ్చేటప్పుడు సీసా కడిగి, తుడిచి చేతిలో పెట్టింది. "ఖాళీది ఎందుకమ్మా?" అన్నాను.

"మళ్లీ నింపుకొని తేవాలి కదక్కా."