అమ్మమ్మ థేవా పతకం: నా అనుభవం

మా తాతయ్య రైల్వే ఉద్యోగరీత్యా రత్లాంలో ఉన్న రోజుల్లో అమ్మమ్మకు కొనిచ్చిన పచ్చగాజు పతకాన్ని, ఇంట్లోని మిగతా బంగారు నగలతో పాటు నేను కుంకుడు రసంలో నానబెట్టాను. మర్నాటికి గాజు అడుగున నల్లని మరకలు కమ్ముకున్నాయి. పైనున్న బంగారు కృష్ణుడు, గోపికలు, ఆవు, చుట్టూ అల్లుకున్న తీగలు అలాగే ఉన్నా, వాటి వెనుక వెలుగు పోయింది. తెలియక చేసిన ఆ పనికి చాలా రోజులు బాధపడ్డాను.

మా ఊరి కంసాలి దాన్ని తూచి, బంగారం బహు స్వల్పమని, కరిగించినా చేతికి వచ్చేదేమీ ఉండదని చెప్పారు. బరువు విషయంలో ఆయన మాట సరైనదే గాని, ఆ పనితనాన్ని ఆయన అంతకు ముందెన్నడూ చూడలేదు. అది రంగుగాజు మీద బంగారు రేకు బొమ్మలు అతికించే థేవా అని, రాజస్థాన్‌లోని ప్రతాప్‌గఢ్‌లో రాజ్‌సోనీ కుటుంబాలు 18వ శతాబ్దం నుంచి తండ్రి నుంచి కొడుక్కు నేర్పుకుంటూ వస్తున్న కళ అని, ఆ వంశంలోని మహేశ్ రాజ్‌సోనీకి 2015లో పద్మశ్రీ లభించిందని విచారించగా తెలిసింది. దాంతో మంద్‌సౌర్ వరకు రైలులోను, అక్కడి నుంచి బస్సులోను ప్రతాప్‌గఢ్ చేరుకున్నాను.

అక్కడ పని చూపించిన పెద్దాయన ముందుగా పతకంలోని బొమ్మ అంచున నా గోరు ఆనించి చూడమన్నారు. బంగారం ఎక్కడ ఆగి గాజు ఎక్కడ మొదలవుతుందో వేలికి తెలియలేదు. 23 క్యారట్ల బంగారాన్ని పలుచని రేకుగా సాగగొట్టి, లక్క మీద అతికించి, బొమ్మ గీసుకుని, సన్న ఉలులతో బొమ్మ చుట్టూ ఉన్న భాగాన్నంతా తొలగిస్తారు. మిగిలిన జాలీ వంటి రేకును లక్క నుంచి విడదీసి, శుభ్రం చేసి, రంగుగాజు మీద పరచి, రెండూ ఒకటయ్యేలా వేడి చేస్తారు. ఒక్క నగకే నెల పట్టవచ్చు. మన కుందనం పనిలో మెత్తని బంగారాన్ని చుట్టూ ఒత్తి రాయిని నిలబెడతారు. ఇక్కడ గాజే బంగారాన్ని పట్టుకుంటుంది. ఆ వేడి ఎలా ఇస్తారన్నది కుటుంబ రహస్యం కాబట్టి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

పాడైంది గాజు కింద మెరుపు కోసం పరచిన వెండి రేకు మాత్రమేనట. ఆయన పతకం చుట్టూ ఉన్న వెండి అంచును కొద్దికొద్దిగా ఎత్తి, నల్లబడిన రేకును తీసి, గాజును పూర్తిగా ఆరనిచ్చి, కొత్త రేకు పరచి అంచును మళ్ళీ ఒత్తారు. ఇందుకు రెండు రోజులు పట్టింది. ఎప్పుడో ఊడిపోయిన ఆవు తోకను కూడా అతికించమని కోరాను. మళ్ళీ నిప్పు తగిలితే పాత గాజు చిట్లవచ్చు, ఉన్నదాన్ని ఉండనివ్వమ్మా, అన్నారు. ఆ జాగ్రత్త నాకు మిగతా పనితనం కంటే గొప్పగా తోచింది.

ఇప్పుడు దాన్ని పొడిగుడ్డతో మాత్రమే తుడిచి, మిగతా నగలకు దూరంగా దూదిలో ఉంచుతున్నాను. ఇంటికి తెచ్చిన రోజున అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి, పచ్చని వెలుగులో కృష్ణుణ్ణి చాలాసేపు చూసి, ఆ తోక తన చిన్నప్పుడే పోయిందని చెప్పింది.