దవాఖాన మెట్లెక్కని ఆడవాళ్లు

12 ఏళ్ల మా అమ్మాయి హెచ్‌పీవీ టీకా రెండో డోసు వేయించుకోనని, ఇక్కడ అమెరికాలో పిల్లల డాక్టరు గదిలో మొండికేసింది. సూదికి భయపడే పిల్ల కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా ఇది అని నర్సు చెప్పగానే నావైపు తిరిగి, "మరి నువ్వు దానికి పరీక్ష చేయించుకున్నావా అమ్మా?" అని అడిగింది. అది పెద్దవాళ్ల విషయమన్నాను. "అయితే నువ్వు చేయించుకున్నాకే నేను వేయించుకుంటా" అని, పైకి మడిచిన చొక్కా చేతిని కిందికి లాక్కుంది. 15 ఏళ్లలోపు మొదలుపెట్టినవారికి రెండు డోసులు చాలు, ఆ రెండింటి మధ్య 6 నుంచి 12 నెలల ఎడం ఉండవచ్చు కనుక మాకు ఇంకా గడువు ఉంది. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం నా దగ్గర లేదు.

నేను నా ఆరోగ్యాన్ని పట్టించుకోని మనిషిని కాను. ఆఫీసు పని ఎంత ఉన్నా పిల్లలు లేవకముందే నడిచి వస్తాను. వారానికి 150 నిమిషాల నడక ఉండాలని డాక్టర్లు చెప్పే లెక్కకు ఎక్కువే నడుస్తాను. రాత్రిపూట అన్నం మాని జొన్న రొట్టె తింటాను. బీపీ చూసుకునే మిషను డైనింగ్ టేబుల్ మీదే ఉంటుంది. అయితే వీటన్నిటినీ ఆమె ప్రశ్న పక్కన పెట్టి చూసుకున్నప్పుడు నాకొక సంగతి అర్థమైంది. ఎవరి ముందూ చేయి చాపకుండా నా అంతట నేను చేసుకోగలిగిన ప్రతి జాగ్రత్తా తీసుకుంటున్నాను. వేరొకరు నన్ను పరీక్షించి ఫలితం చెప్పవలసినవాటిని మాత్రం ఒక నెల నుంచి మరో నెలకు జరుపుతున్నాను. చిన్నవాడు కడుపులో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చి కాన్పు తరువాత తగ్గింది. అలా వచ్చి తగ్గినవారు జీవితాంతం ఏడాది నుంచి మూడేళ్లకోసారి రక్తపరీక్ష చేయించుకోవాలని అప్పుడే చెప్పారు. పొద్దున నడుస్తున్నాను కదా అన్న ధైర్యంతోనే ఇన్నాళ్లూ ఆ పరీక్ష జోలికి వెళ్లలేదు.

ఈ ధైర్యం నాకు హనుమకొండలోని మా ఇంటి నుంచి వచ్చింది. పెద్ద వయసు వచ్చినా దవాఖాన మెట్టెక్కలేదని చెప్పుకోవడం మావైపు ఆడవాళ్లకు గొప్ప గౌరవం. మా అమ్మను గురించి చుట్టాలందరూ అదే చెప్పేవారు. గటుక తిని, అంబలి తాగి పెరిగిన మనిషి ఆమె. ఇప్పటికీ తెల్లవారకముందే భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి వస్తుంది. అటువంటి మనిషికి షుగర్ ఉందన్న సంగతి, కంటిశుక్లాల ఆపరేషనుకు ముందు చేసే రక్తపరీక్షలో బయటపడింది. ఏ బాధా తెలియనివ్వకుండా ఏళ్ల తరబడి ఉండగల జబ్బు కనుక, అది ఎప్పుడు మొదలైందో చెప్పగలిగినవారు లేరు. ఆమె ఆ మాత్రలను బీరువాలో చీరల వెనుక ఒక పాత పౌడర్ డబ్బాలో దాచుకుంది. అందరూ భోజనం చేసి లేచాక లోపలికి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి, మాత్ర మింగి, స్ట్రిప్పును మళ్లీ డబ్బాలో పెట్టి మూత బిగించి వచ్చేది. ఒకే ఇంట్లో ఉండే మా అన్నయ్యకు సైతం చాలాకాలం తెలియలేదు. నాకు ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే నువ్వు ఆడ ఆగమాగమైతవ్ బిడ్డా" అంది.

ఆ ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆమె దాచిన ఆ కాలమంతా నేను ఇక్కడ ప్రతి ఆసుపత్రి ఫారంలోనూ, తల్లిదండ్రులకు షుగర్ ఉందా అన్నచోట లేదనే రాశాను. పిల్లల ఫారాల్లో అమ్మమ్మ ఆరోగ్యం గురించి అడిగినప్పుడూ అదే రాశాను. మనవారికి తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది కనుకనే ఆసియా సంతతివారికి ఎత్తుకు తగ్గ బరువును తెలిపే బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 నుంచే పరీక్ష మొదలుపెట్టాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. దానికి తోడు తల్లికి కూడా ఉందని తెలిసి ఉంటే నన్ను చూసే డాక్టరు ఇంత కాలం ఊరుకుని ఉండేది కాదు.

వరుసగా అన్నీ చేయించుకున్నాను. 30 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్నవారికి గర్భాశయ ముఖద్వార పరీక్ష కణాలను చూసే పాప్ స్మియర్ అయితే మూడేళ్లకోసారి, ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్ష అయితే అయిదేళ్లకోసారి సరిపోతుంది. నాది బాగానే ఉందని వచ్చింది, అమ్మాయి మాట తప్పకుండా టీకా వేయించుకుంది. మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్‌కు ముందు దశ అంటారు. ఏటా పుట్టినరోజు వచ్చే నెలలో ఈ పరీక్షలకు సమయం కేటాయించుకొమ్మని, ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఏ వయసులో వచ్చిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకొమ్మని నా తోటి తల్లులకు చెబుతున్నాను. మా వదినకు కూడా చెప్పాను. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ప్రారంభించిన ఆరోగ్య మహిళ క్లినిక్‌లలో మంగళవారాలు ఆడవాళ్లకు ప్రత్యేకంగా పరీక్షలు చేసే ఏర్పాటు ఉంది. రొమ్ములో గడ్డ తగిలేదాకా ఆగవలసిన పని లేదని ఆమెకు నచ్చజెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఇంతవరకు ధైర్యంగానే చెప్పగలను. ఆ తరువాతిదే నాకు తెలియడం లేదు. ఏదీ దాచకూడదని నా 5.9 సంగతి అమ్మాయికి చెప్పాను. ఆ రోజు నుంచి ఆమె నా కంచంలోకి చూస్తోంది. పండగకు చేసిన సకినాలను నేను రెండోసారి తీసుకుంటే తినడం ఆపి, నేను పక్కన పెట్టేదాకా అలాగే కూర్చుంటుంది. ఒక ఆదివారం వీడియో కాల్‌లో అత్తమ్మలు, వదినలు అందరూ ఉండగా, "అమ్మమ్మా, నీ షుగర్ ఇప్పుడు ఎంత?" అని అడిగింది. అమ్మ ముఖం చిన్నబోయింది. "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న" అని ఫోను అన్నయ్య చేతికి ఇచ్చింది. సాయంత్రం విడిగా ఫోను చేసి, "పిల్లకు ఇవన్ని ఎందుకు చెప్పినవ్?" అని అడిగింది. అమ్మమ్మ బాగుండాలనే అడిగానని అమ్మాయి ఏడ్చింది. ఇద్దరిలో ఎవరిది తప్పనగలను? నలుగురి ముందు అడగకూడదని అమ్మాయికి చెప్పబోయి, అలా చెబితే మళ్లీ పౌడర్ డబ్బా దగ్గరికే వెళతామేమోనని ఆగాను. అడిగితే తప్పేమిటని అమ్మకు చెప్పబోయి, ఆ వయసులో ఆమె గుట్టును బయటపెట్టే హక్కు నాకెక్కడిదని ఆగాను. పన్నెండేళ్ల పిల్ల తల్లి తిండికి కాపలా కాయవలసిన పరిస్థితి నేనే తెచ్చిన మాట కూడా నిజమే.

40 దాటిన ఆడవాళ్లు రెండేళ్లకోసారి రొమ్ముకు తీసే ఎక్స్‌రే, అంటే మామోగ్రామ్ చేయించుకోవాలని ఇక్కడి నిపుణుల బృందం 2024లో స్పష్టం చేసింది. అంతకుముందు 50 వచ్చేదాకా ఎవరి నిర్ణయం వారికే వదిలేసేవారు. నేను చేయించుకున్నాను. మరికొన్ని చిత్రాలు తీయాలి, రమ్మని కబురు వచ్చింది. రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవారిని, మొదటిసారి తీయించుకున్నవారిని ఇలా పిలవడం తరచుగా జరిగేదేనని, ఎక్కువమందిలో ఏమీ ఉండదని డాక్టరు చెప్పింది. వచ్చే గురువారం వెళ్లాలి. ఫలితం వచ్చాకే అమ్మాయికి చెబుదామని మా ఆయన అంటున్నారు. ముందే చెప్పాలని నాకు అనిపిస్తోంది, తీరా ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంటే మాట రావడం లేదు. అమ్మకైతే ఇంకా ఫోను చేయలేదు.